స్టోరీవీవర్ వాడి చూసినాం, కడప నుంచి ఒక రివ్యూ

మా పాప మూడో క్లాసు, ఇంగ్లీష్ మీడియం. తెలుగు అక్షరాలన్నీ వచ్చు, గుణింతాలొచ్చు, కానీ పుస్తకం చేతికిస్తే రెండు లైన్లు చదివి పక్కన పడేస్తాది. ముందు డబ్బు కట్టి ఒక యాప్ తీసుకున్యాం, పేరు ఎందుకులెండి, దాంట్లో కథ తక్కువ స్టార్లు ఎక్కువ, ఆ స్టార్ల కోసం పేజీలు తిప్పడమే గానీ చదివింది లేదు.

ఇప్పుడు వాడేది పిల్లల పుస్తకాలేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్. 2015లో మొదలైన సైట్, అంతా ఫ్రీ, లాగిన్ లేకుండానే కథలు చదువుకోవచ్చు. భాష తెలుగు పెట్టుకుని లెవెల్ సెలెక్ట్ చేసుకుంటే చాలు. నాలుగు లెవెల్స్ ఉంటాయి, ఒకటో లెవెల్ కథ 250 పదాల లోపే, పేజీకి ఒక లైనో రెండు లైన్లో, మిగతాదంతా బొమ్మ. మూడో క్లాసు కదా అని మూడో లెవెల్ ఇయ్యకండి, అవి 1500 పదాల దాకా పోతాయి. మా పాపకి ఒకటో లెవెల్ నుంచే మొదలుపెట్టినాం, కూర్చున్న కాడ పుస్తకం మొత్తం అయిపోతాది కదా, "అయిపోయింది, ఇంకోటి" అని తనే అడుగుతాంది.

ఫోన్‌లో మాత్రం వద్దు, ఒక్క నోటిఫికేషన్ వస్తే కథ గోవిందా. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టినారు కాబట్టి ప్రింట్ తీసుకోవచ్చు, పక్కింటోళ్ళకీ ఇయ్యొచ్చు. నేను పీడీఎఫ్ దింపుకుని జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ కొట్టించి మధ్యలో రెండు పిన్నులు కొట్టిచ్చినా. కలర్ లేదని ఏడుస్తాదేమో అనుకుంటే క్రేయాన్స్ తీసుకుని ఏనుక్కి పచ్చ రంగేసి కూర్చుంది! ఇప్పుడు ఆ పుస్తకాలు ఎవుర్నీ ముట్టుకోనీదు.

ఇంకోటి, పక్కన కూర్చుని తప్పులు దిద్దేది నేను మానేసినా, చదివి వినిపించేది మా జేజికి. జేజికి చదువు రాదు, అందుకే మధ్యలో "ఆ కోతి మళ్ళా యాడికి పోయె?" అని అడుగుతాంటాది, పాప వెనక్కి పోయి మళ్ళీ చదివి చెప్తాది. ఒత్తులు తప్పుతాండాది, తప్పనీలే.

సైట్‌లో ఒకటి గమనించుకోండి, ఎవరైనా కథ రాసి గానీ అనువాదం చేసి గానీ పెట్టొచ్చు, కాబట్టి తెలుగు అన్నింటిలో ఒకే తీరుగా ఉండదు. పిల్లకిచ్చే ముందు మీరొకసారి చదువుకోండి, రెండు నిమిషాల పని. చాలా కథలు ఇంగ్లీష్‌లో కూడా దొరుకుతాయి, స్కూల్ ఇంగ్లీష్ గురించి బెంగ ఉన్నోళ్ళు అదే కథ రెండూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టొచ్చు.

బ్రౌన్ దొర ఉన్న జాగాలోనే లైబ్రరీ కట్టుకున్న ఊరు మనది, అట్లాంటి ఊర్లో పిల్లల తెలుగు పుస్తకం లేని ఇండ్లే ఎక్కువ, మా ఇల్లు కూడా మొన్నటిదాకా అంతే.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. నాలుగో లెవెల్ దాకా మేమింకా పోలేదు, మీ పిల్లోళ్ళు ఎవరన్నా చదువుతాంటే అందులో మంచి కథలేవో కింద చెప్పండి.