విశాఖ, అరకు ప్రయాణంలో కారు తెర, ఫోను తెర

గత డిసెంబరులో రాజమహేంద్రవరం నుంచి విశాఖపట్నం, అక్కడి నుంచి అరకు వెళ్లి వచ్చిన ఐదు రోజుల ప్రయాణంలో మా బావమరిదికీ నాకూ మధ్య ఒక పందెం నడిచింది. కారు అతనిది. నాలుగేళ్ల కిందట కొన్నప్పుడే దారి చూపే వ్యవస్థ డాష్‌బోర్డులో అమర్చి వచ్చింది. కంపెనీ ఇచ్చిన ఉచిత గడువు ముగిసిపోయిన కనెక్టెడ్ సేవలను, అంటే కారు తెరకు తాజా ట్రాఫిక్ సమాచారం అందించే సేవలను, అతను ఈ ప్రయాణం కోసమే డబ్బు కట్టి పునరుద్ధరించుకున్నాడు. ట్రాఫిక్ విషయంలో ఫోను కంటే అదే నమ్మదగినదని అతని వాదన. నాది ఫోను పక్షం. అందుచేత రెండు తెరలనూ తెరిచి ఉంచి, ఒకరు నడుపుతుంటే మరొకరు అవి చెప్పే నిమిషాలనూ, మేము నిజంగా చేరిన సమయాన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలని నిర్ణయించుకున్నాం. కారు ఇంగ్లీషులోనూ, ఫోను తెలుగులోనూ ఒకేసారి మాట్లాడుతుంటే, "ఇద్దరూ కలిసి అరిస్తే ఎవరి మాట వినాలిరా?" అని వెనుక సీట్లోని మా అమ్మ తుని దాటకముందే విసుక్కుంది.

ఈ రెండింటికీ సమాచారం ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెప్పుకోవాలి. ఫోను యాప్‌లు రోడ్డు మీద కదులుతున్న వేలాది ఫోన్ల వేగాన్ని పేర్లు లేకుండా పోగుచేసి, ఆ దారిలో మామూలుగా ఉండే వేగంతో పోల్చి, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగులు వేస్తాయి. కారులోని వ్యవస్థకు లోపల అమర్చిన సిమ్ ద్వారా, కంపెనీ ఒప్పందం చేసుకున్న సంస్థ నుంచి ఇటువంటి సమాచారమే అందుతుంది. కానీ దానికి ఆధారమైన వాహనాల సంఖ్య ఎంత పెద్దదైతే రంగులు అంత నిజమవుతాయి. మన ఊళ్లలో ప్రతి ఆటోలోనూ, ప్రతి మోటారు సైకిలు మీదా ఒక ఫోను ఉంటుంది కనుక ఈ లెక్కలో ఫోనుకే బలం ఎక్కువ. ఆ బలానికీ ఒక బలహీనత ఉంది. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లను చిన్న తోపుడు బండిలో వేసుకుని ఖాళీ వీధిలో నడిచి, గూగుల్ మ్యాప్స్‌లో ఆ వీధిని ఎర్రగా మార్చి చూపించాడు. రామకృష్ణా బీచ్ పక్కన నిలిపిన వాహనాలనూ, నెమ్మదిగా నడిచే జనాన్నీ చూసినప్పుడల్లా నాకు ఆ బండి గుర్తొచ్చింది.

మొదటి పరీక్ష అనకాపల్లి దగ్గరే ఎదురైంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు మీదుగా నగరం నడిబొడ్డు నుంచి వెళ్లే పాత జాతీయ రహదారి. రెండవది సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దగ్గర తేలే, సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరుసల బైపాస్. మా బస రుషికొండలో. బైపాస్ మీద వెళితే ఆనందపురం నుంచి కొమ్మాది వైపు కొంత వెనక్కి రావాలి. అయినా ఫోను అటే వెళ్లమని గంటా ఐదు నిమిషాలు చూపింది. కారు మాత్రం గాజువాక మీదుగా గంటా పది నిమిషాలని చెప్పింది. ఫోను మాట విని బైపాస్ ఎక్కిన తరువాత అసలు సంగతి తెలిసింది. కారులోని మ్యాపు ఆ బైపాస్ పుట్టకముందుది! మా బాణం గుర్తు పొలాల మధ్య తేలుతూ పోతుంటే, ఆ గొంతు అవకాశం దొరికినప్పుడు వెనక్కి తిరగమని పెందుర్తి దాకా బతిమాలుతూనే ఉంది. టోలు దగ్గర ఆగడంతో కలిపి మాకు పట్టింది గంటా పన్నెండు నిమిషాలు.

ఇందులో మా బావమరిది పొరపాటు ఒకటుంది, చాలామంది చేసేదే. అతను డబ్బు కట్టింది ట్రాఫిక్ సమాచారానికి. మ్యాపును తాజా చేయించడం వేరే పని, దానికి సర్వీసు కేంద్రానికి వెళ్లాలి, అతను ఒక్కసారీ వెళ్లలేదు. మ్యాపులో లేని రోడ్డు మీద ఎంత తాజా ట్రాఫిక్ సమాచారం వచ్చినా దానిని అతికించడానికి చోటే ఉండదు. ఎన్‌ఏడీ కూడలిలోనూ ఇదే జరిగింది. అక్కడ ఇప్పుడు పైనొక చుట్టు, కిందొక దారిగా అంతస్తుల ఫ్లైఓవర్ ఉంది. కారు తెర మీద మాత్రం ఇంకా పాత కూడలే కనిపిస్తోంది. ఒకదాని మీద ఒకటిగా ఉన్న రోడ్లలో మనం ఏ అంతస్తులో ఉన్నామో కనిపెట్టడం జీపీఎస్‌కు ఎలాగూ కష్టమే. 2024లో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో 40 నగరాలకు, ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే సదుపాయాన్ని ప్రకటించడానికి కారణం ఆ ఇబ్బందే.

రుషికొండలో మేమున్న హోటలు గదుల కిటికీలోంచి సముద్రం కనిపించేది, ప్రశాంతంగా ఉండేది, పార్కింగు విశాలంగా ఉండేది. భోజనం మాత్రం సాధారణం. అయితే నగరంలో చూడవలసినవన్నీ అక్కడి నుంచి దక్షిణాన ఉన్నాయి కనుక ప్రతిసారీ బీచ్ రోడ్డో, ఎండాడ, హనుమంతవాకల మీదుగా వెళ్లే జాతీయ రహదారో పట్టుకోవాలి. విశాఖకు ఉన్న ఇబ్బంది ఇదే. ఒక పక్క సముద్రం, మరొక పక్క కైలాసగిరి, సింహాచలం కొండలు. మధ్య మిగిలిన సన్నని నేలలో పొడవాటి ఊరు. పేరుకు జాతీయ రహదారి అయినా, మద్దిలపాలెం, ఇసుకతోట దగ్గర అది ఊరి ప్రధాన వీధే. హైదరాబాదులో ఒక దారి ఎర్రబడితే యాప్ మరో నాలుగు దారులు వెతుకుతుంది. ఇక్కడ ఆ అవకాశం చాలా తక్కువ. అందువల్ల ఈ ఊళ్లో ట్రాఫిక్ సమాచారం ఉపయోగపడేది ఏ దారిన వెళ్లాలో తెలుసుకోవడానికి కాదు, ఎప్పుడు బయలుదేరాలో తెలుసుకోవడానికి అని నాకు రెండవ రోజుకే అర్థమైంది.

ఈ విషయంలో కారు వ్యవస్థ పోటీకే రాలేదు. కారెక్కి తాళం తిప్పితే తప్ప ఆ తెర వెలగదు. కారెక్కాక ఎర్రగా ఉందని తెలిసి ఏం ప్రయోజనం? ఫోనులోనైతే గదిలో కాఫీ తాగుతూనే, ఆరింటికి బయలుదేరితే ఎంతసేపు, ఏడున్నరకైతే ఎంతసేపు అని చూసుకోవచ్చు. శనివారం సింహాచలం దర్శనానికి ఆ పద్ధతిలోనే వేకువన బయలుదేరి, రద్దీ మొదలయ్యే లోపు కొండ దిగాం. (ఆషాఢ పౌర్ణమి ముందు రోజు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు వెళ్లేవారు మాత్రం మ్యాపు రంగులను కాక పోలీసుల ప్రకటనను చూడాలి. హనుమంతవాక, ఎంవీపీ కాలనీ, మాధవధార, గోపాలపట్నం దారులన్నీ ఆనాడు నడిచేవారివే.)

ఆదివారం సాయంత్రం ఆ జాగ్రత్త మరిచిపోయాం. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామినీ, దాని ఎదుట ఉన్న టీయూ-142 విమానాన్నీ చూసి బయటికి వచ్చేసరికి బీచ్ రోడ్డంతా ముదురు ఎరుపు. ఆ రాత్రి బసను ఆసిల్‌మెట్ట దగ్గర, బస్టాండుకు చేరువలోని లాడ్జికి మార్చుకున్నాం. రెండు తెరలూ ఎరుపునే చూపాయి గానీ, కారు చెప్పిన పదిహేను నిమిషాలకు నలభై పట్టింది. ఫోను చెప్పింది ముప్ఫై అయిదు. పైగా ఫోను మధ్యలో అయిదు నిమిషాలు కలిసివస్తాయని ఆశపెట్టి మమ్మల్ని అల్లిపురం సందుల్లోకి తిప్పింది. ఎదురుగా వచ్చిన ఆటోకు దారి ఇవ్వడానికి మా బావమరిది ఒక ఇంటి అరుగు దాకా కారును వెనక్కి నడపవలసి వచ్చింది. "బావగారూ, ఈ సందు మీ ఫోనుకు బాగా నచ్చినట్టుంది" అని అతను అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ద్విచక్ర వాహనాలు దూరిపోయే సందులో వాటి వేగాన్ని చూసి కారును పంపడం యాప్ చేసిన తప్పని నా అనుమానం. ఫోనులో రెండు యాప్‌లను మార్చి మార్చి వాడాను. ఇరుకు సందుల విషయంలో రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు. లాడ్జి గది శుభ్రంగా ఉంది, ధర తక్కువ, చుట్టూ టిఫిను సెంటర్లు. పార్కింగు మాత్రం రోడ్డు మీదే.

సోమవారం అరకు. సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలైన కాసేపటికే ఫోను సిగ్నలు పోయింది. కారు గెలవవలసిన చోటు ఇదేనని మా బావమరిది నిటారుగా కూర్చున్నాడు. అతని మాటలో సగం నిజముంది. మ్యాపు కారులోనే నిల్వ ఉంటుంది కనుక ప్రతి మలుపునూ, అనంతగిరినీ, బొర్రా గుహలకు తిరిగే చోటునూ తడబడకుండా చూపింది. ఫోనులో కూడా ముందు రాత్రే ఆ ప్రాంతపు మ్యాపును దించి పెట్టుకున్నాను కనుక అదీ నడిచింది; అలా దించుకోనివారు ఒక మలుపు తప్పితే ఇబ్బంది పడతారు. అయితే ట్రాఫిక్ రంగులు రెండు తెరల మీదా ఒకేసారి మాయమయ్యాయి. కారులోని సిమ్ కూడా అవే టవర్ల మీద ఆధారపడుతుందని మేమిద్దరమూ ఆలోచించలేదు. చక్రాల తిరుగుడును లెక్కించి ఉపగ్రహాలు అందని సొరంగాల్లోనూ స్థానాన్ని అంచనా వేయగలగడం కారు వ్యవస్థకున్న అసలు గొప్ప. కానీ అరకు దారిలో సొరంగాలన్నీ కిరండూల్ రైలుకే దక్కాయి, రోడ్డుకు ఒక్కటీ లేదు.

అరకులో బస చేసిన కాటేజీ గది చిన్నది, దుప్పట్లు మందంగా ఉన్నాయి, వేడినీళ్లు ఉదయం రెండు గంటలే వస్తాయి. మరునాడు దిగుతుండగా ఒక మలుపులో లారీ ఆగిపోయి ముప్పావు గంట నిలబడ్డాం. శృంగవరపుకోట చేరి సిగ్నలు అందాక ఫోను ఆ మలుపును, మేము దాటివచ్చాక, ఎర్రగా చూపించింది. కారుకు ఆ సంగతి ఇంటికి చేరేదాకా తెలియదు.

ఫోనును చేత్తో పట్టుకుని నడపవద్దు. దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా, వాడవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధనల సవరణ చెబుతోంది. స్టాండు లేకుండా అది సాధ్యం కాదు. స్టాండు మీద పెట్టినా డిసెంబరు ఎండకే మా ఫోను వేడెక్కి తెర మసకబారింది. మే నెలలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైగా సరిగ్గా ఎన్‌ఏడీ మలుపులోనే ఎవరో ఒకరు ఫోను చేస్తారు. తెర పరిమాణం, గొంతు స్పష్టత, ఎండలో కనిపించడం, ఈ మూడింటిలో కారుదే పైచేయి అని పుస్తకంలో అతని పేరున రాశాను.

తిరుగు ప్రయాణంలో పెందుర్తి దగ్గర బైపాస్ ఎక్కేముందు మా బావమరిది కారును పక్కకు ఆపి, అరలోంచి చార్జింగు తీగ తీసి నా ఫోనును కారుకు కలిపి, ఆండ్రాయిడ్ ఆటో ద్వారా ఫోను మ్యాపును తన పెద్ద తెర మీదికి తెచ్చుకున్నాడు. ఆ తీగ నాలుగేళ్లుగా అందులోనే ఉందట. అనకాపల్లి దాకా ఒకే గొంతు వినిపించింది. మా అమ్మ నిద్రపోయింది.