జపాన్ లివరా, కొరియా లివరా, అసలు లివరే లేని బోర్డా: ఫైటింగ్ గేములకు ఏది మేలు?

"స్ట్రీట్ ఫైటర్ 6కి ఏ స్టిక్ కొనాలి?", "టెక్కెన్ 8 ఆడాలంటే కొరియా లివర్ తప్పదా?", "అందరూ లివర్‌లెస్‌కు మారిపోతున్నారు కదా, ఇప్పుడు స్టిక్ కొనడం దండగేనా?" తిప్పి తిప్పి వచ్చేవి ఈ మూడు ప్రశ్నలే. స్టిక్ అంటే ఎడమ చేతికి లివర్, కుడి చేతికి బటన్లు బిగించిన డబ్బా; లివర్ బదులు కూడా బటన్లే ఉంటే అది లివర్‌లెస్. బ్రాండ్ల పేర్లతో మొదలుపెడితే వీటిలో ఒక్కదానికీ జవాబు తేలదు. మీరు ఆడే ఆటలో ఎడమ చెయ్యి అన్నిటికంటే ఎక్కువసార్లు చేసే పని ఏమిటి, ఆ పనిలో లివర్ న్యూట్రల్‌కి, అంటే ఏ దిశా పడని మధ్య చోటుకి, ఎలా తిరిగొస్తుంది అన్నదే అసలు విషయం. బటన్లు, లేఅవుట్, డబ్బా అందం అన్నీ దాని తరవాతే.

రెండు చేతుల్లో పట్టుకునే మామూలు కంట్రోలర్, అదే ప్యాడ్ సంగతి ముందే తేల్చేద్దాం. దానితో పైస్థాయిలో గెలవలేమన్నది ఉత్తమాట. ఫైటింగ్ గేముల పెద్ద టోర్నీ ఈవో 2014లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 టైటిల్‌ని ఫ్రాన్స్ ఆటగాడు లఫీ మొదటి ప్లేస్టేషన్ కాలంనాటి ప్యాడ్‌తోనే కొట్టాడు. బొటనవేలు నొప్పి పెట్టకుండా ఆట సాగుతోందంటే డబ్బు దాచుకోండి.

జపాన్ లివర్

జపాన్ లివర్ అంటే ఆచరణలో సాన్వా కంపెనీ జేఎల్‌ఎఫ్ మోడల్. పైన 35 మిల్లీమీటర్ల బంతి, లోపల ఒక స్ప్రింగ్, కింద స్విచ్‌లను నొక్కే యాక్చుయేటర్ చుట్టూ నాలుగు మైక్రోస్విచ్‌లు, అన్నిటికంటే అడుగున చతురస్రపు గేట్. కొత్తవాళ్లు బోల్తా పడేది ఈ గేట్ దగ్గరే. దిశను నమోదు చేసేది స్విచ్. గేట్ పని లివర్‌ని ఆపడం వరకే. లివర్ గోడకు తగలడానికి చాలా ముందే స్విచ్ టిక్‌మంటుంది. ఆ టిక్కు వినగానే దిశ పడిపోయినట్టే. అక్కడి నుంచి గోడదాకా నెట్టేదంతా వృథా ప్రయాణం, పైగా తిరిగి రావాల్సిన దూరం.

ఇది తెలియక చాలామంది లివర్‌ని గోడకు ఒరిపిస్తూ మూలమూలకీ లాగుతారు. దిశలకు కీబోర్డు నంబర్‌ప్యాడ్ అంకెలే గుర్తులు: 5 మధ్య, 2 కింద, 6 ముందుకు, 3 ఆ రెండిటి మధ్య మూల, 1 వెనక-కింద మూల, 9 ముందు-పైన మూల. చతురస్రంలో మధ్య నుంచి మూలకున్న దూరం పక్కకున్న దూరానికి దాదాపు 1.4 రెట్లు. అందుకే 236 కొట్టేటప్పుడు 3 దగ్గర ఎక్కువసేపు ఇరుక్కుపోతుంది, అక్కడి నుంచి విసురుగా బయటపడి 9లోకి జారుతుంది. హడోకెన్ బదులు గెంతు. ట్రెయినింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే పెట్టుకుంటే ఈ జబ్బు కళ్లకు కనిపిస్తుంది. స్ట్రీట్ ఫైటర్ 6లో ఒక్కో దిశ ఎన్ని ఫ్రేములు (ఆట లెక్కలో అతిచిన్న క్షణాలు) నిలిచిందో కూడా పక్కనే పడుతుంది. 3 పక్కన పెద్ద అంకె కనబడితే గోడకు ఒరిపిస్తున్నారన్నమాట. 2 తరవాత 3 రాకుండా నేరుగా 6 పడితే దానికి ఎదురు జబ్బు: మూలవైపు వెళ్లకుండా మధ్యలోంచి అడ్డదారి కోస్తున్నారు.

ఈ ఇబ్బంది రాగానే అందరికీ తట్టే మందు అష్టభుజి గేట్. జేఎల్‌ఎఫ్‌లో గేట్ మార్చడం నిమిషాల పని, అడుగున ఉన్న పట్టీలు వదిలిస్తే ఊడొస్తుంది. అయినా మొదటి నెలలో మార్చొద్దనే అంటాను. ఎనిమిది గాడులూ చేతికి తెలుస్తుంటే హాయిగానే ఉంటుంది, నిజమే. కానీ వంగి బ్లాక్ చేయడానికి 1లో పట్టి ఉంచాలంటే చతురస్రపు మూలను మించింది లేదు. లివర్ అక్కడ కూర్చుంటే కదలదు. అష్టభుజిలో ఆ మూల కోసుకుపోయి ఉంటుంది, చెయ్యి కాస్త జారితే 1 కాస్తా 2 అవుతుంది, కాళ్ల మీద దెబ్బ పడుతుంది. ఒక దిశ కాసేపు పట్టి ఉంచితేనే దెబ్బలు వచ్చే గైల్‌లాంటి చార్జ్ పాత్రలకు ఇదింకా పెద్ద తేడా. గాడులకు అలవాటుపడ్డ చెయ్యి గోడను వెతుక్కోవడం మానదు కూడా.

జేఎల్‌ఎఫ్‌కి నిజమైన లోపం ఒకటుంది. స్ప్రింగ్ మెత్తన. లివర్‌ని పక్కకు లాగి ఒక్కసారిగా వదిలేస్తే మధ్యలో ఆగకుండా అవతలికి ఊగి, ఎదురు దిశ ఒక ఫ్రేము పడొచ్చు. విడిచిపెట్టకుండా చేత్తోనే మధ్యకు తెచ్చేవాళ్లకు ఇది రాదు. వస్తుంటే గేట్ జోలికి పోకుండా గట్టి స్ప్రింగ్ వేయండి. రెండు పౌండ్లవి విడిగా దొరుకుతాయి.

కొరియా లివర్

క్రౌన్, మ్యోంగ్‌షిన్‌లాంటి కొరియా లివర్లలో స్ప్రింగ్ ఉండదు. దాని బదులు షాఫ్ట్, అంటే లివర్ కాడ చుట్టూ బిగువైన రబ్బరు రింగు, గ్రోమెట్. గేట్ గుండ్రం, మూలలు లేవు. వదలగానే లివర్ ఊగకుండా టక్కున మధ్యలో ఆగుతుంది. టెక్కెన్‌కి ఇది ఎందుకంత ప్రియమంటే, ఆ ఆటలో గొప్ప కదలికలన్నీ న్యూట్రల్ మీదుగా పోయేవే. కొరియన్ బ్యాక్‌డ్యాష్ చూడండి: వెనక్కి, న్యూట్రల్, మళ్లీ వెనక్కి, వెంటనే 1, అక్కడి నుంచి తిరిగి వెనక్కి. మిషిమా కుటుంబం పాత్రల ఎలక్ట్రిక్ అనే దెబ్బ కూడా అంతే: ముందుకు, న్యూట్రల్, కిందికి, ఆపైన 3 పడే ఫ్రేములోనే కుడి పంచ్. ఆ న్యూట్రల్‌ని మీ మణికట్టు తయారుచేయాలా, రబ్బరు తయారుచేసి ఇస్తుందా? తేడా అంతా అక్కడే.

అదే రబ్బరు స్ట్రీట్ ఫైటర్‌లో ఎదురు తిరుగుతుంది. 1లో పట్టి ఉంచినంతసేపూ రబ్బరు వెనక్కి నెడుతూనే ఉంటుంది, ఆనుకోడానికి మూల ఉండదు. గంట ఆడేసరికి ముంజేయి లాగేస్తుంది. రబ్బరు గట్టిదనం రకరకాలుగా దొరుకుతుంది కాబట్టి మెత్తనిదానితో మొదలుపెట్టండి. కొనేముందు డబ్బా లోతు కొలవండి. ఈ లివర్ల ఒళ్లు జేఎల్‌ఎఫ్ కంటే పొడవు కావడంతో పలచని డబ్బాల్లో అడుగు మూత మూసుకోదు. బిగించే ప్లేటు రంధ్రాలు, 5 పిన్నుల కనెక్టర్ మీ డబ్బాకు సరిపోతాయో లేదో కూడా అడిగి తెలుసుకోండి. అన్ని మోడళ్లకూ అవి ఉండవు.

లివర్‌లెస్

హిట్‌బాక్స్ తరహా బోర్డులో ఎడమ, కింద, కుడి మూడు బటన్లు వేళ్ల కింద, గెంతు పెద్ద బటన్‌గా బొటనవేలి కింద ఉంటాయి. న్యూట్రల్‌కి తిరిగి రావడమన్న మాటే లేదు, వేలెత్తితే అదే న్యూట్రల్. వెనక నుంచి ముందుకు లివర్ మోసుకెళ్లే దూరం కూడా ఆదా అవుతుంది. డైగో ఉమెహారా అంతటి స్టిక్ ఆటగాడు ఇటు వచ్చాడంటే ఊరికే కాదు. 623కి ఒక పద్ధతి చాలా ఆటల్లో పనిచేస్తుంది: ముందుకు నొక్కి పట్టండి, కిందది కూడా నొక్కండి, ముందుది వదలండి, మళ్లీ నొక్కండి. డిస్‌ప్లేలో 6, 3, 2, 3 పడుతుంది. మధ్యలో 3 అదనంగా వచ్చినా ఆటకి కావలసిన 6, 2, 3 వరసలోనే ఉన్నాయి.

చిక్కల్లా ఎదురుబొదురు దిశలు ఒకేసారి నొక్కినప్పుడు బోర్డు ఏం పంపుతుందన్నది. దీన్నే ఎస్‌ఓసీడీ అంటారు. స్ట్రీట్ ఫైటర్ తయారుచేసే క్యాప్‌కామ్ టోర్నీల్లో ఎడమ, కుడి కలిస్తే న్యూట్రలే రావాలి. చివర నొక్కినదే గెలిచే సెట్టింగుతో ప్రాక్టీసు చేసి అక్కడికి వెళ్తే చేతులు కట్టేసినట్టవుతుంది. పైన, కింద కలిసినప్పటి సంగతి ఏ టోర్నీకి ఆ టోర్నీ నిబంధనల్లో చూసుకోండి. ఇంట్లో మొదటిరోజు నుంచే అదే సెట్టింగు పెట్టండి.

గెలుపొక్కటే లెక్క అయితే, చెయ్యి ఇంకా ఏ లివర్‌కీ అలవాటుపడకపోతే, లివర్‌లెస్‌ని కాదనడం కష్టం. అయినా నా ఓటు చతురస్రపు గేట్ ఉన్న జేఎల్‌ఎఫ్‌కే. అది టెక్కెన్‌లో కొరియా లివరంత బాగుండదు, డ్యాష్‌లో లివర్‌లెస్ అంత వేగంగా ఉండదు, కానీ ఏ ఆటలోనూ మొండికెయ్యదు. నచ్చకపోతే అదే డబ్బాలో ఇంకో లివర్ వేసుకోవచ్చు. టెక్కెన్ తప్ప వేరేది ముట్టనివాళ్లకు మాత్రం కొరియా లివరే.

సైమిట్సు ఎల్‌ఎస్-32 బిగువుగా, తక్కువ దూరం కదులుతుంది, షూటింగ్ గేములకు బాగుంటుంది. హోరీ హయబుసా జేఎల్‌ఎఫ్‌కి దగ్గరి చుట్టం. అమెరికా హ్యాప్ లివర్లు పాత క్యాబినెట్ మీద మోజుంటేనే.

చెయ్యి తిరిగే వరకు

మన ఊళ్ల వీడియో గేమ్ పార్లర్లలో లివర్ పట్టినవాళ్లకు పిడికిలి బిగించి భుజంతో లాగే అలవాటు ఉంటుంది. అది ముందు వదలాలి. అరచెయ్యి పైకి తిప్పి, షాఫ్ట్‌ని ఉంగరంవేలికీ చిటికెనవేలికీ మధ్య గ్లాసు కాడలా పట్టుకోవడం ఒక పద్ధతి. పైనుంచి బంతిని మూడువేళ్లతో పట్టుకోవడం ఇంకోటి. ఏదైనా సరే, కదలాల్సింది మణికట్టూ వేళ్లూ, మోచెయ్యి కాదు. లివర్ మీద బరువు వేయొద్దు.

మొదటివారం కాంబోల జోలికి పోకండి. ముందుకు నడవడం, ఆగడం, వంగి బ్లాక్ చేయడం, డ్యాష్ చేయడం ఇవే. తరవాత 236, 623 రెండువైపులా నిదానంగా, టిక్కు వినబడేంత మెల్లగా. కుడివైపు నిలబడ్డప్పుడు 623 రావడం లేదన్నది దాదాపు అందరి ఫిర్యాదు. కారణం మామూలే: మణికట్టు బయటికి తిరిగేటప్పుడు మొదటి ముందు-దిశను మింగేస్తుంది. డిస్‌ప్లేలో మొదటి బాణం ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. రెండు కిలోల లోపు డబ్బా ఒళ్లో జారుతుంది. కింద పలచని రబ్బరు షీటు వేయకపోతే తప్పు మీదో, జారుడుదో తెలియదు.

సాన్వా ఓబీఎస్‌ఎఫ్-30 బటన్లు వేలు ఆనిస్తే చాలు, పడతాయి. పొరపాటు నొక్కులు ఎక్కువైతే సైమిట్సు బటన్లు కాస్త గట్టివి. రాత్రిళ్లు టకటకలకు ఇంట్లోవాళ్లు విసుక్కుంటుంటే ఓబీఎస్‌ఎఫ్‌ఎస్-30 అనే నిశ్శబ్దపు రకం ఉంది.

కొనడం, కట్టుకోవడం

ఇక్కడ తయారుగా ఉన్న మంచి స్టిక్ ఖరీదు దిగుమతితో బాగా పెరుగుతుంది. మేఫ్లాష్ ఎఫ్300 లాంటి చవకది కొని, వీలైనప్పుడు లివర్, బటన్లు సాన్వావి వేసుకోవడం ఒక దారి. సొంతంగా కట్టుకోవడం రెండోది: రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, అందులో జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్, ఒక జేఎల్‌ఎఫ్, 30 మిల్లీమీటర్ల బటన్లు ఎనిమిది, స్టార్ట్, సెలెక్ట్‌లకు 24వి రెండు. పికో మీది బూట్‌సెల్ నొక్కి పట్టి యూఎస్‌బీ పెడితే పెన్‌డ్రైవ్‌గా కనబడుతుంది, యూఎఫ్2 ఫైల్ అందులో వేయడమే. ప్రతి బటన్‌కీ ఒక వైరు పిన్నుకు, ఇంకోటి అన్నిటికీ కలిపి గ్రౌండ్‌కు. సాన్వా బటన్లకు 2.8 మిల్లీమీటర్ల కనెక్టర్లు కావాలి. హ్యాప్‌వి 4.8, కలిపేసుకోకండి. మందమైన ప్లైవుడ్‌కి నొక్కి బిగించే ఓబీఎస్‌ఎఫ్ పట్టవు, మర తిప్పే ఓబీఎస్‌ఎన్ తీసుకోండి. ఇది పీసీకి హాయి. పీఎస్4 మోడ్‌లో అయితే ధ్రువీకరణ లేకపోతే 8 నిమిషాలకు కనెక్షన్ తెగిపోతుంది. పీఎస్5కి లైసెన్సున్న కంట్రోలర్ కావాలి. కొన్ని ఫైటింగ్ గేములు పాత పీఎస్4 స్టిక్కులను ఒప్పుకుంటాయి కానీ అన్నీ కాదు, మీ ఆట పేరుతో వెతికి చూశాకే డబ్బు కట్టండి.

లివర్ ఒక దిశలో చచ్చిపోతే ముందు 5 పిన్నుల వైరు ఊడిందేమో చూడండి, చాలాసార్లు అదే. పైకి అంటే పక్కకు పోతుంటే లివర్‌ని పావు మలుపు తిప్పి బిగించారన్నమాట. ఒక్క స్విచ్ పోయినా జేఎల్‌ఎఫ్‌లో నాలుగు స్విచ్‌ల బోర్డు మొత్తంగా మార్చుకోవచ్చు. కిర్రుమంటే గ్రీజు పలచగా రాయండి, తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టొద్దు. విప్పేటప్పుడు షాఫ్ట్ చివరి ఈ-క్లిప్ ఎగిరిపోయి మంచం కింద దూరుతుంది, అరచెయ్యి గానీ గుడ్డ గానీ అడ్డం పెట్టి తీయండి.