విమాన రిజిస్ట్రేషన్ ఏజెన్సీ ప్యాకేజీ: ఏది కొనాలి, ఏది వద్దనాలి

సెకండ్ హ్యాండ్ విమానం కొని దాని రిజిస్ట్రేషన్‌ను మరో దేశానికి మార్చేటప్పుడు ఏజెన్సీలు ‘మొత్తం మేమే చూసుకుంటాం’ అనే ప్యాకేజీ అమ్ముతాయి. కాగితాల పనికి ఈ సేవ నిజంగా అక్కరకొస్తుంది. విమానం మీద జరగాల్సిన పనిని మాత్రం వాళ్లకే వదిలేయకండి.

అంతర్జాతీయ విమానయానానికి మూలమైన షికాగో ఒప్పందం 18వ అధికరణం ప్రకారం ఒక విమానం ఒకేసారి రెండు దేశాల రిజిస్టర్లలో ఉంటే చెల్లదు. పాత రిజిస్టర్ నుంచి పేరు తీసేసినట్టు ధ్రువీకరణ అందేదాకా కొత్త దరఖాస్తు ముందుకు కదలదు. ఆ కాగితం రిజిస్ట్రీ నుంచి రిజిస్ట్రీకి నేరుగా వెళ్లేలా చూడటమే మంచి ఏజెంటు పనితనం. పాతది రద్దయ్యాక కొత్త సర్టిఫికెట్ వచ్చేదాకా విమానం నేల మీదే ఉండాలి. ఆ వ్యవధిని తగ్గించగలిగినవాళ్లకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

దరఖాస్తులో విమానం పేరు, సీరియల్ నంబరు డేటా ప్లేటు (తయారీదారు విమానానికి బిగించిన వివరాల పలక) మీద ఎలా ఉన్నాయో అలాగే పడాలి. ‘పైపర్ ఆర్చర్’ అన్నది అమ్మకం పేరు, రాయాల్సింది పీఏ-28-181. సీరియల్ నంబరులో ఒక్క అడ్డగీత తప్పినా, అమ్మకం పత్రంతో సహా అన్నీ మళ్లీ రాయించుకోవాల్సి రావచ్చు. పంపే ముందు ప్లేటు ఫొటో పక్కన పెట్టుకుని మీరే సరిచూసుకోండి.

కేప్‌టౌన్ ఒప్పందం కింద విమానాల మీద అప్పుల హక్కులు నమోదయ్యే అంతర్జాతీయ రిజిస్ట్రీలో సెర్చ్‌కి విడిగా డబ్బు అడిగితే, ముందు మీ విమానం సైజు చూడండి. సిబ్బందితో కలిపి కనీసం 8 మందికి, లేదా 2,750 కిలోలకు మించిన సరుకుకు సర్టిఫై అయిన విమానాలకే ఆ ఒప్పందం వర్తిస్తుంది. నాలుగు సీట్ల చిన్న విమానానికి ఆ సెర్చ్ ఎందుకూ పనికిరాదు. దాని మీద అప్పు ఉందో లేదో పాత దేశం రికార్డుల్లో వెతికించాలి.

ఇక విమానం మీద వేసే రిజిస్ట్రేషన్ అక్షరాలు. ఐసీఏవో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) 7వ అనుబంధం ప్రకారం విమానం పక్క భాగం మీద ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. ఆ ఎత్తుకు వెడల్పు 20, గీత మందం 5, అక్షరాల మధ్య ఖాళీ కనీసం 5 సెంటీమీటర్లు. రెక్క కింద అయితే ఎత్తు 50. చిన్న విమానాలకు కొన్ని దేశాలు సడలింపు ఇస్తాయి, అది ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ప్యాకేజీతో వచ్చే వినైల్ (అతికించే ప్లాస్టిక్ అక్షరాల) సెట్లలో జాగా చాలక అక్షరాల మధ్య ఖాళీని తగ్గించేస్తారు. టేపు పట్టి కొలవనిదే అది కంటికి తెలియదు. ఈ రిజిస్ట్రేషన్ అక్షరాలతో ప్రధాన ద్వారం దగ్గర బిగించే గుర్తింపు ప్లేటు నిప్పుకు తట్టుకోవాలి. అల్యూమినియం దాదాపు 660 డిగ్రీలకే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద చెక్కించిందే అడగండి.

ప్యాకేజీల్లో అసలు లోపం కోడ్ దగ్గరుంది. దేశం మారితే విమానానికి కొత్త 24 బిట్ల చిరునామా (విమానాన్ని గుర్తించే ఎలక్ట్రానిక్ కోడ్) వస్తుంది. రాడార్‌కు జవాబు పంపే ట్రాన్స్‌పాండర్‌లో దాన్ని మార్పించి పని అయిపోయిందనుకుంటారు. విమానం కూలితే ఉపగ్రహాలకు సిగ్నల్ పంపే 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్ ఈఎల్‌టీలో పాత దేశం కోడ్ అలాగే మిగిలిపోతుంది. రేపు విమానం కూలితే, యజమాని వివరాల కోసం రక్షణ కేంద్రం పాత దేశాన్ని అడుగుతూ విలువైన సమయం పోగొట్టుకుంటుంది. ఈఎల్‌టీ రీప్రోగ్రామింగ్, కొత్త దేశంలో బీకన్ నమోదు ఒప్పందంలో పేరు పెట్టి రాసి ఉంటేనే సంతకం చేయండి. చివరి వాయిదా చెల్లించే ముందు ఈఎల్‌టీ టెస్ట్ రిపోర్టు తెప్పించుకుని, అందులోని 15 అక్షరాల ఐడీని బీకన్ నమోదు పత్రంతో పోల్చి చూడండి.