నాన్న పోయాక ఆయన ఫోన్ ఏజెంట్ చేతికిచ్చాం, మీరు ఇవ్వకండి

ఇంట్లో పెద్దవాళ్లు పోయాక కాగితాల పని మొత్తం ప్యాకేజీగా చేసిపెడతామని కొందరు తిరుగుతున్నారు. వాళ్లకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మేం 18,000 రూపాయలకు మాట్లాడుకున్నాం, 10,000 అడ్వాన్స్ ఇచ్చాం, ఆ తర్వాత ఆర్నెల్లు ఆఫీసుల చుట్టూ తిరిగాం.

మా నాన్న రిటైర్డ్ టీచర్. 2024 జూన్ 9న హనుమకొండలో ఇంట్లోనే గుండెపోటుతో పోయారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, తమ్ముడు బెంగళూరులో. పదకొండో రోజుకి వచ్చిన బంధువు ఒకరు తెలిసిన కన్సల్టెంట్ ఉన్నాడని నంబర్ ఇచ్చారు. మర్నాడే అతను ఇంటికొచ్చాడు. "సార్, మీరేం టెన్షన్ పడకండి. డెత్ సర్టిఫికెట్ నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ దాకా అన్నీ నేనే చూసుకుంటా" అన్నాడు. అమ్మను ఒంటరిగా వదిలి ఉద్యోగాలకు ఎలా వెళ్లాలా అని ఆలోచిస్తున్న రోజులవి. ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది. నాన్న పాన్, ఆధార్, పెన్షన్ పుస్తకం, పాస్‌బుక్కులు తీసుకున్నాడు. ఓటీపీలు వస్తాయని ఫోన్ కూడా అడిగాడు. ఇచ్చేశాం.

జూలై చివరి వారంలో నాన్న ఈమెయిల్ తెరిచి చూస్తే ఆయన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ దాఖలైందని, ఆధార్ ఓటీపీతో వెరిఫై కూడా అయిందని ఉంది. నాన్న పోయిన నెలన్నరకు, ఆయనే కూర్చుని సంతకం పెట్టినట్టు! చాలాసేపు ఆ మెయిల్ వైపే చూస్తూ ఉండిపోయాను. అతనికి ఫోన్ చేస్తే "అందరూ ఇలాగే చేస్తారు సార్, ఈజీగా అయిపోతుంది" అన్నాడు.

అందరూ చేసినా అది తప్పే. చనిపోయిన మనిషి తన పేరుతో రిటర్న్ వెరిఫై చేయడమనేది ఉండదు. వారసుల్లో ఒకరు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో తమ సొంత లాగిన్‌తో 'ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్'లోకి వెళ్లి, చనిపోయినవారి లీగల్ హెయిర్‌గా (చట్టబద్ధ వారసులుగా) నమోదు చేసుకోవాలి. దానికి డెత్ సర్టిఫికెట్, నాన్న పాన్, మన పాన్, వారసులమని చూపే కాగితం కావాలి. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దీనికి పనికొస్తుంది. నేను మీసేవలో దరఖాస్తు పెట్టి తెచ్చుకున్నాను. పోర్టల్‌లో నా రిక్వెస్ట్ ఎనిమిది రోజుల్లో ఆమోదం పొందింది. దీనికి ఏజెంట్ అక్కరే లేదు.

ఇంకో విషయం మాకెవరూ చెప్పలేదు. నాన్న జూన్‌లో పోయారు కాబట్టి ఆయన తరఫున రెండు రిటర్నులు వేయాలి. మార్చితో ముగిసిన ఏడాదికి ఒకటి, ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు వరకు వచ్చిన ఆదాయానికి మరొకటి. ఆ తర్వాత వచ్చే ఎఫ్‌డీ వడ్డీ, అద్దె లాంటివి తీసుకునే వారసుల లెక్కలోకి వెళ్తాయి. అతను ఒక్క రిటర్న్‌తో పని అయిపోయిందన్నాడు. పైగా పాన్ సరెండర్ లెటర్ మీద అమ్మతో సంతకం కూడా పెట్టించుకున్నాడు. రెండో రిటర్న్ వేయకుండా పాన్ సరెండర్ చేసి ఉంటే మా పరిస్థితి ఏమయ్యేదో. అది ఆఫీసులో ఇవ్వకముందే తమ్ముడు వెళ్లి వెనక్కి తెచ్చాడు.

పన్ను రిఫండ్ కథ వేరు. 14,260 రూపాయలు రావాలి. ఈలోగా అతని మాట మీద నాన్న బ్యాంకు ఖాతా క్లెయిమ్ పెట్టి మూసేశాం. రిఫండ్ వెళ్లాల్సింది ఆ ఖాతాలోకే. ఫెయిల్ అయిందని సెప్టెంబర్‌లో మెయిల్ వచ్చింది.

ఆ బ్యాంకు దగ్గరే ఇంకా పెద్ద మోసం జరగబోయింది. ఎఫ్‌డీలు అమ్మ పేరు మీదకు రావాలంటే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాలని, లాయర్‌కు 25,000 అవుతుందని చెప్పాడు. నేనే మేనేజర్‌ను కలిశాను. ఎఫ్‌డీలన్నిటికీ అమ్మే నామినీ. డెత్ సర్టిఫికెట్, క్లెయిమ్ ఫారం, అమ్మ కేవైసీ ఇస్తే చాలన్నారు ఆయన. నామినీ ఉంటే, కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో క్లెయిమ్ సెటిల్ చేయాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధనే ఉంది.

వారసత్వ పన్ను కట్టాలని కూడా ఆ ఏజెంట్ డబ్బు అడిగాడు. ఆ ఏడాది ఎన్నికలప్పుడు టీవీల్లో ఆ పన్ను మీద పెద్ద చర్చ నడిచింది కదా, అమ్మ నిజమేననుకుంది. మన దేశంలో అలాంటి పన్ను లేదు. ఒకప్పుడు ఉన్న ఎస్టేట్ డ్యూటీని 1985లోనే తీసేశారు. వారసత్వంగా వచ్చిన డబ్బు మీద తీసుకున్నవాళ్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా పడదు. దాని మీద తర్వాత వచ్చే వడ్డీకే పన్ను. మీ అమ్మానాన్నలను ఎవరైనా ఈ పేరుతో డబ్బు అడిగితే దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వనివ్వకండి.

పెన్షన్ సంగతి. ట్రెజరీకి కాగితాలన్నీ అయ్యాక చెబుదామన్నాడు. నాన్న పెన్షన్ మరో రెండు నెలలు పడింది. తర్వాత ఆ మొత్తాన్ని అమ్మ ఫ్యామిలీ పెన్షన్ బకాయిల్లోంచి కోసుకున్నారు. ఎవరైనా పోయిన వారంలోనే ఎస్‌టీవో (సబ్ ట్రెజరీ) ఆఫీసుకు తెలియజేయండి. ఫ్యామిలీ పెన్షన్‌ను రిటర్న్‌లో జీతంగా చూపకూడదు, ఇతర ఆదాయంలో చూపాలి. కొత్త పన్ను విధానంలో దాని నుంచి మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది తగ్గుతుంది.

డెత్ సర్టిఫికెట్‌కు విడిగా 3,000 తీసుకున్నాడు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే అసలు ఫీజే ఉండదు. తీరా చూస్తే అందులో నాన్న ఇంటిపేరుకు ఒక్క అక్షరమే వేశారు, పాన్‌లో పూర్తిగా ఉంది. పెన్షన్ పుస్తకంలో ఇంకో రకం. ఆ ఒక్క తేడాకు మున్సిపల్ ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగాను. సర్టిఫికెట్ ప్రింట్ కాకముందే పేరును ఆధార్‌తో, పాన్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

చివరికి ఒక సీఏను కలిశాం. ఆవిడ 4,000 తీసుకుని, డిసెంబర్ 31 గడువులోపు నా లీగల్ హెయిర్ లాగిన్ నుంచి రివైజ్డ్ (సవరించిన) రిటర్న్ వేయించారు. ఫిబ్రవరిలో రిఫండ్ నా ఖాతాలో పడింది, అమ్మకు పంపాను. అడ్వాన్స్ మాత్రం తిరిగి రాలేదు. అతను ఫోన్ ఎత్తడం లేదు.

నాన్న ఫోన్ ఇప్పుడు అమ్మ దగ్గరుంది. రెండో రిటర్న్ పని అయ్యేదాకా ఆ సిమ్ రీఛార్జ్ చేయిస్తూనే ఉంటాం.