కొత్త చేతికి ఎయిర్ పిస్టల్, దానికి తగిన పెల్లెట్లు

షూటింగ్ పోటీలకు సిద్ధమవుతున్న మా అమ్మాయి కోసం బెజవాడలోని ఒక శిక్షణ కేంద్రంలో మొరీని సీఎం 162 ఈఐ పిస్టల్‌ను, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 పెల్లెట్లను (దానిలో వేసే చిన్న సీసపు గుళ్లను) నెల రోజులు పరీక్షించాము. 10 మీటర్ల పోటీలో పిస్టల్ బరువు 1,500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల ఒత్తిడికి గానీ కదలకూడదు. సుమారు కిలో బరువుండే ఈ స్విట్జర్లాండ్ పిస్టల్ ఆ నిబంధనలకు లోబడి ఉండటమే కాక, దీని ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వల్ల పెల్లెట్ వేయకుండానే ఇంట్లో ఖాళీ గోడ ఎదుట నిలబడి ఎన్నిసార్లయినా సాధన చేసుకోవచ్చు. అయితే పిడి అరచేతికి ఇమడకపోతే ఎంత ఖరీదు పెట్టినా వృథాయే కనుక, కొనేముందు చూడవలసినది గొట్టాన్ని కాదు, పిడిని; మాకు మీడియం సైజు వదులై, చిన్నది తెప్పించవలసి వచ్చింది.

పెల్లెట్లలో 0.53 గ్రాముల రకం కంటే పిస్టల్ కోసమే చేసిన 0.45 గ్రాముల రకం మా అమ్మాయికి బాగా కుదిరింది. వీటి చదునైన తల కాగితంపై అంచులు చెదరని రంధ్రం చేస్తుంది కాబట్టి పాయింట్ల లెక్కలో తగాదా ఉండదు. ఇనుప పలకలను కొట్టే సరదా ఉన్నవారు మాత్రం సీసపు తునకలు వెనక్కి ఎగురుతాయని గుర్తుంచుకొని, రక్షణ కళ్లద్దాలు లేనిదే పిస్టల్ ఎత్తకూడదు.