ఇంటికొచ్చే హెల్త్ విజిటరా, వారం వారం క్లినిక్కా? 1950ల ఇంగ్లండులో పసిబిడ్డకు ఏది మేలు?

1948 జూలై 5న నేషనల్ హెల్త్ సర్వీస్, అంటే ప్రభుత్వ ఉచిత వైద్య సేవ మొదలయ్యాక, పసిపిల్లల సంరక్షణ బాధ్యత స్థానిక కౌన్సిళ్లకే ఉండేది. తల్లికి వాటి నుంచి ప్రధానంగా అందేవి రెండు: హెల్త్ విజిటర్, అంటే ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డల్ని చూసే నర్సు; శిశు సంక్షేమ క్లినిక్.

బిడ్డ పుట్టిన 36 గంటల్లో కబురు కౌన్సిల్ మెడికల్ ఆఫీసరుకు చేరాలన్నది చట్టం. దాదాపు రెండు వారాలు చూసుకుని మంత్రసాని సెలవు తీసుకోగానే, హెల్త్ విజిటర్ పిలవకుండానే తలుపు తట్టేది. పాలసీసా ఎలా కడుగుతున్నారు, గోడలు చెమ్మెక్కాయా, బిడ్డ ఎక్కడ పడుకుంటోంది? ఇవన్నీ ఇంట్లో కనబడేవే, క్లినిక్కులో కావు. అయితే తల్లి వద్దంటే గుమ్మం దాటే హక్కు ఆమెకు లేదు.

క్లినిక్కు చాలా ఊళ్లలో చర్చి హాల్లోనే నడిచేది. దాని ప్రాణం తూకం. మొదటి మూడు నెలల్లో వారానికి ఆరు నుంచి ఎనిమిది ఔన్సులు (ఔన్సంటే దాదాపు 28 గ్రాములు) పెరిగితే బాగున్నట్టు. తప్పు జరిగేదీ ఇక్కడే. ఒక వారం పాలు తాగకముందు, మరో వారం తాగాక తూస్తే, కడుపులోని మూడు నాలుగు ఔన్సుల పాలే సగం పెరుగుదలలా కనిపిస్తాయి. ఉన్ని చొక్కా విప్పకపోయినా అంతే. ఒక్క వారం అంకె చూసి తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు మొదలెట్టడం తొందరపాటు. మూడు నాలుగు వారాల తూకాల గీత చూడాలి. అనుమానముంటే అవే బట్టలతో, బిడ్డకు కట్టిన తడిగుడ్డ మార్చకుండా, పాలివ్వకముందూ ఇచ్చాకా తూస్తే తాగిందెంతో తేలుతుంది.

కంఠసర్పి, అంటే డిఫ్తీరియా టీకా మాటకొస్తే క్లినిక్కుదే పైచేయి. మొదటి పుట్టినరోజులోపు నాలుగు వారాల ఎడంతో రెండు సూదులు వేసేవారు. 1940లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ జబ్బుకు దాదాపు 2,500 మంది చనిపోగా, 1950కి ఆ సంఖ్య 50 లోపే. పోలియో ముమ్మరంగా ఉన్న వేసవుల్లో మాత్రం కొన్నిచోట్ల సూదులు ఆపేవారు: కొందరికి సూది పడ్డ చేయికో కాలికో పోలియో పక్షవాతం వస్తోందని 1950 నాటికి తేలింది.

చాలా క్లినిక్కుల్లో చవక నారింజరసం, కాడ్ లివర్ నూనె కూడా దొరికేవి. రసాన్ని మరిగే నీళ్లలో కలిపితే సి విటమిన్ పోతుంది. నూనె, డి విటమిన్ కలిపిన డబ్బాపాలు, పసిపిల్లల సీరియల్ మూడూ కలిస్తే డి విటమిన్ మితిమీరేది. కొందరు బిడ్డల రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, ఎదుగుదల ఆగడం కనిపించాయి. అందుకే 1957లో ఆ మోతాదులు తగ్గించారు.

నన్నడిగితే మొదటి ఆరు వారాలకు ఇంటి సందర్శనే మేలు. క్లినిక్కుకు నడిచి రాగలిగే తల్లులే వస్తారు. పుట్టుక జాబితా పట్టుకుని వెళ్లే మనిషి రాలేనివాళ్ల దగ్గరికీ చేరుతుంది. ఆ తర్వాత తూకానికీ సూదికీ క్లినిక్కే. ఇక జ్వరమొస్తే రెండూ కాదు. 1948 తర్వాత ఫ్యామిలీ డాక్టరు ఉచితమే. పైగా దగ్గే బిడ్డను క్లినిక్కుకు తీసుకెళితే, తూకం వరుసలో ఉన్న మిగతా పసివాళ్లకు కోరింత దగ్గు అంటించినట్టే.