తెల్ల ఎనిమోన్ కొనకండి: అది అరుదైన రకం కాదు, తిండిలేక ఎండిపోతున్న జీవి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇళ్లలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకున్న అందరికీ ఒక హెచ్చరిక. "స్నో వైట్", "ఆల్బినో", "రేర్ పీస్" అంటూ తెల్లటి సీ ఎనిమోన్లు (సముద్రంలో రాళ్లకు అంటుకుని బతికే పువ్వులాంటి జీవులు) అంటగడుతున్నారు. ఒళ్లంతా తెలుపు, టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటి తీగలు) కొసల్లో ఊదారంగు. ఫోటో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. డబ్బు కట్టేముందు కాస్త ఆగి ఇది చదవండి.

ఎనిమోన్ ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కణాలు కాపురం ఉంటాయి. జూజాంథెల్లే అంటారు. వెలుతురుతో అవి తయారుచేసే ఆహారంలో ఎక్కువ భాగం ఎనిమోన్‌కే పోతుంది. దాని గోధుమరంగు ఆ నాచుదే. నీళ్లు వేడెక్కినా, ఉప్పు శాతం ఒక్కసారిగా పడిపోయినా, రోజుల తరబడి చీకటి సంచుల్లో ఉన్నా ఆ నాచును బయటికి తోసేస్తుంది. 2016 వేసవిలో మన్నార్ సింధుశాఖలో పగడాలు తెల్లబడింది కూడా ఇలాగే. కొసల్లోని ఊదారంగు మాత్రం ఎనిమోన్ సొంత రంగు కాబట్టి నాచు పోయినా మిగులుతుంది. సెబే అనే ఎనిమోన్ రకం పేరుతో అమ్మే తెల్లవాటిలో చాలా భాగం ఇలా వెలిసిపోయినవే. ఆరోగ్యంగా ఉంటే అది లేత గోధుమరంగులోనో, ఆకుపచ్చ ఛాయలోనో ఉంటుంది.

మోసం అసలు ఎక్కడుందంటే గ్యారంటీలో. మామూలుగా ఇచ్చేది సంచి విప్పేసరికి చచ్చి ఉంటేనే డబ్బు వాపసు అన్న హామీ, అదీ గంటా రెండు గంటల్లో ఫోటో పంపితేనే. వెలిసిపోయిన ఎనిమోన్ అంత త్వరగా చావదు. ఒంట్లో ఉన్నది కరిగించుకుంటూ వారాల తరబడి బతుకుతుంది, రోజురోజుకీ కుంచించుకుపోతుంది. అది పోయేనాటికి హామీ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అడిగితే "మీ ట్యాంకు నీళ్లు బాగాలేవు" అని మన మీదికే తోస్తారు. పార్సిల్‌లో తెప్పించుకుని నష్టపోయినవాళ్లకు ఎదురవుతున్న మాట ఇదే.

రంగు వేసినవి ఇంకా ఘోరం. నిమ్మపండు పసుపు, గులాబీ, నీలం రంగుల్లో పాదం (అడుగున అంటుకునే భాగం) నుంచి కొస దాకా ఒకే ముద్దలా కనిపిస్తే అది చాలావరకు అద్దకమే. తెల్లబడినదాన్నే రంగునీళ్లలో ముంచుతారు. ఆ రంగు కొన్నాళ్లకు వెలిసిపోతుంది, అప్పటిదాకా లోపలి నాచుకు అందాల్సిన వెలుతురుకు అడ్డం పడుతుంది. ఇవి ఏ ధరకిచ్చినా వద్దు. జాలిపడి కొన్నా దాని చోట ఇంకొకటి తెచ్చి పెడతారు.

కొనేముందు రొయ్య ముక్క పెట్టి తినే వీడియో అడగండి. టెంటకిల్స్ ముక్కను గట్టిగా పట్టుకోవాలి, నోరు బిగుసుకుని ఉండాలి, పాదం చిరగకుండా రాయికో అద్దానికో అంటుకుని ఉండాలి. అది షాపుకొచ్చి కనీసం వారం గడవాలి. వీడియో పంపనంటే బేరం అక్కడితో వదిలేయండి.

ఇప్పటికే తెచ్చేసుకున్నవాళ్ల సంగతికొద్దాం. బతికించడం సాధ్యమే, కానీ నెలలు పడుతుంది. ట్యాంకు కనీసం 200 లీటర్లు ఉండాలి, పెట్టి ఆరు నెలలైనా దాటాలి. సంచిని ఇరవై నిమిషాలు నీళ్లమీద తేలనివ్వండి. తర్వాత ఎయిర్ ట్యూబ్‌కు వదులుగా ముడివేసి సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున గంటన్నర పాటు ట్యాంకు నీళ్లు సంచిలోకి దించండి. సంచిలో నీళ్లు ట్యాంకులో పొయ్యకండి. దాన్ని పెట్టాక పాదం అంటుకునేదాకా ఓ గంట వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) ఆపండి. పంపు మూతులన్నిటికీ స్పాంజి తొడగాల్సిందే. రాత్రిపూట నడిచివెళ్లి పంపులో పడి ముక్కలైన ఎనిమోన్ ట్యాంకు మొత్తాన్ని చంపగలదు.

ఎక్కువమంది దెబ్బతినేది లైటు దగ్గర. "ఫుల్ లైటు పెట్టండి, రంగు అదే వస్తుంది" అని అమ్మినవాళ్లు చెబుతారు. అది తప్పు. నాచు పలచబడ్డ ఒళ్లు తీవ్రమైన వెలుతురును తట్టుకోలేదు, మిగిలిన కాస్త నాచు కూడా పోతుంది. అలాగని చీకట్లో పెట్టినా ఆ మిగిలినది పెరగదు. ఎల్‌ఈడీని 30 శాతంతో మొదలుపెట్టి రోజుకు ఎనిమిది గంటలు ఉంచండి, వారానికి 5 శాతం చొప్పున పెంచండి. ముడుచుకుంటే మళ్లీ ఒక మెట్టు దించండి.

నాచు తిరిగి పెరిగేదాకా కడుపు నింపాల్సింది మనమే. తాజా వెనామీ రొయ్య చాలు, మనకు దానికి కొదవలేదు. ఉప్పు, పసుపు, మందు తగలనిది తీసుకుని పొట్టు ఒలిచి, బియ్యపు గింజంత ముక్కలు చెయ్యండి. పంపు ఆపి, పిపెట్‌తో నెమ్మదిగా టెంటకిల్స్ మీద వదలండి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండు మూడు ముక్కలే. మర్నాడు జిగురుతో చుట్టి కక్కేస్తే ముక్క పెద్దదైందని అర్థం, ఇంకా చిన్నది చెయ్యండి. చెరువు మేత ఉన్నది రొయ్యల్ని పెంచడానికే, ఎనిమోన్‌కు కాదు. ఆ గుళికలు వెయ్యకండి.

నీళ్ల విషయంలో మన ఆక్వా ల్యాబులు బాగా పనికొస్తాయి. సెలినిటీ (నీటిలో ఉప్పు) 33 నుంచి 35 పీపీటీ (వెయ్యికి భాగాలు), అమ్మోనియా, నైట్రైట్ సున్నా, ఆల్కలినిటీ (క్షారగుణం) 140 నుంచి 180 పీపీఎం (పది లక్షలకు భాగాలు) ఉండేలా చూడండి. ఆక్వేరియం కిట్లలో ఆల్కలినిటీకి వచ్చే డీకేహెచ్ అంకెను 17.9తో హెచ్చిస్తే ల్యాబు చెప్పే పీపీఎం వస్తుంది. రొయ్యల చెరువుకు 15 పీపీటీ బాగుందన్న సలహా దీనికి పనికిరాదు. మైపాడులోనో, కొత్తపట్నంలోనో సముద్రపు నీళ్లు పట్టేవాళ్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మానుకోండి. వానలకు, పెన్నా వరదకు ఒడ్డున ఉప్పు పడిపోతుంది, బురద కలుస్తుంది. హేచరీ నీళ్లయితే క్లోరిన్ పోయిందో లేదో పరీక్షించాకే పొయ్యండి. చెరువులకు వాడే మైలుతుత్తం చుక్క కూడా తగలకూడదు, రాగి ఎనిమోన్‌కు విషం. చేపలకు వాడే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది, సీసా మీద చదివి చూడండి.

వేసవి సంగతి వేరే చెప్పాలి. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. రోహిణి కార్తెలో మన ఇళ్లలో ట్యాంకు 32 దాటుతుంది, అలా వారం నడిస్తే కోలుకుంటున్నది మళ్లీ తెల్లబడుతుంది. పడమటి గాలి పొడిగా వీచే రోజుల్లో నీటిమీద ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి ఉక్క పట్టిందంటే ఫ్యాన్ పెద్దగా పనిచెయ్యదు, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఒక్కటే దారి. ఫ్యాన్‌కు ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పొయ్యండి. ఉప్పునీళ్లు పోస్తే సెలినిటీ ఎక్కుతూనే పోతుంది. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచుకోండి.

రోజులో ఒకటి రెండుసార్లు సోలిపోయి గోధుమరంగు జిగురు కక్కితే కంగారు పడకండి, అది మలవిసర్జనే. టెంటకిల్స్ మొదట్లో సన్నటి గోధుమ ఛాయ కనిపిస్తే నాచు తిరిగొస్తున్నట్టు. ఒళ్లంతా రంగు తిరిగి, ముక్కను గట్టిగా పట్టేదాకా ఎనిమోన్‌లో కాపురం ఉండే క్లౌన్ ఫిష్ చేపను దూరంగా ఉంచండి. అది రుద్దే రుద్దుడుకు నీరసించిన ఎనిమోన్ తట్టుకోలేదు.

నోరు తెరుచుకుని పేగుల్లాంటి దారాలు బయటికొచ్చి, రోజంతా తేరుకోక, పాదం ఎక్కడా పట్టక, కుళ్లు వాసన వస్తే అది పోయినట్టే. గ్లవుజులు వేసుకుని వెంటనే తీసేయండి, రాత్రికి చూద్దాంలే అనుకోకండి. అదే పూట నాలుగో వంతు నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. మర్నాడు పొద్దున అమ్మోనియా చూసి, సున్నా లేకపోతే మళ్లీ అంతే నీళ్లు మార్చండి.